ఎర్ర నూగు సాక్ష్యం

మా బావ ఇంకా బతికే ఉన్నడు. అందుకే ఇది ఇప్పుడే రాస్తున్న. చచ్చినోని మీద ఎవడైనా రాస్తడు, వాడు లేచి అడగడు గనుక. ఈయన సూరత్‌ల ఆల్థాన్‌ల లిఫ్టున్న బిల్డింగుల ఉంటడు. కండ్లు మంచిగనే కనవడుతయి. తెలుగు చదువస్తది. చదవనియ్యి.

నేను బడికి పోయినోన్ని కాదు. మా నాయన సూరత్ తీసుకొచ్చినప్పుడు నాది పలక పట్టే ఈడే, కాని పలకకు బదులు చేతిల నూలు చుట్టే కండె పెట్టిండ్రు. చదువు నాకు చాన ఆలస్యంగా వచ్చింది, వచ్చింది కూడ కోపంతోనే వచ్చింది. ఆ కోపం ఎక్కడిదో ముందు చెప్పాలె.

మా అక్క నాకంటే పెద్దది. అమ్మ పోయినంక ఇంట్ల కండెలు చుట్టుకుంట నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఆమెది. మా నాయన ఆమెను ఊరికి తోలలే, ఇక్కడనే సాంచాల మీద పనిచేసే మా కులపోనికే ఇచ్చిండు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. నవాగామ్‌ల ఒకటే గల్లీ. ఆ తలాపున వాళ్ల రూము, ఈ తలాపున నాది. బావది ఒక కార్ఖాన, నాది ఇంకొకటి.

అక్క మనిషి కలుపుగోలు. వచ్చిన కొద్దిరోజులకే గుజరాతీ పట్టేసింది. పాలాయనతోని, ఆకుకూరలామెతోని ఆమె మాట్లాడుతుంటే ఈడనే పుట్టిందా అన్నట్టు ఉండేది. బావకు అది పడకపోయేది. ఒకసారి నా ముందలనే అడిగిండు.

"పాలోనితోని ఏంది, పొద్దుపొద్దుగాల ఇకఇకలు?"

"పాలల్ల నీళ్లెందుకు పోస్తున్నవని అడిగిన."

"నవ్వుకుంట అడుగుతరా గది?"

"కొట్లాడుకుంట అడిగితే రేపటిసంది ఆ నీళ్లు గూడ పొయ్యడు."

నేను నవ్విన. బావ నవ్వలే. అప్పుడే నాకు తెలువాల్సింది అని ఇప్పుడు ఎవలన్నా అంటరేమో. ఏం తెలుస్తది? గల్లీల సగంమంది మొగోళ్లు అట్లనే గులుగుతరు. గులిగిన ప్రతోడు పంచాయితీ పెట్టడు గద.

సాంచాల కాడ పనిచేసేటోనికి ఒక అలవాటు ఉంటది. ఎదురుంగ వచ్చేటోని మొఖం కంటే ముందు నెత్తి చూస్తడు. ఎంటికల్ల, కనుబొమ్మల్ల, చెవుల మీద నూలు నూగు అంటుకొని ఉంటది. తెల్లగుంటే రంగెయ్యని గ్రే బట్ట నేసే కార్ఖాన. నీలి నూగు ఉంటే లుంగీలు. ఆ నూగును బట్టి ఎవడు యాడ చేస్తున్నడో, ఏ సేఠ్ ఏం రంగు ఆడిస్తున్నడో చెప్తరు. "ఏం రా, పచ్చగున్నవు, మీ సేఠ్ బిడ్డ పెండ్లా?" అని చాయ్ బండి కాడ ఎకసెక్కాలు. అన్నంల నూగు, చాయ్‌ల నూగు, పండుకున్న పిల్లల ముక్కుల నూగు. అట్ల బతికినోళ్లం, నూగు అబద్ధమాడదని మావోళ్లకు ఒక గుడ్డి నమ్మకం.

బావ కార్ఖానల తెల్లనూలు. మా కార్ఖానల అప్పుడు ఎర్ర దుప్పట్లు ఆడుతున్నయి.

అక్కకు అంతకుముందు కడుపు నిలువలే. ఒకసారి కాదు. ఆసారి నెలలు మంచిగనే సాగుతున్నయి. ఒకనాడు నన్ను పిలిచింది.

"తమ్మీ, మీ కాడ ఊడ్చిపారేసే నూలు పోగులుంటయి గద. జర తేరాదు."

"ఎందుకక్కా?"

"తెమ్మంటే తే. వకీలు లెక్క అడుగకు."

తెచ్చిచ్చిన. టిఫిన్ సంచిల అడుగున పెట్టి రోజు కొంచెం. తర్వాత ఆమెనే చెప్పింది, బిడ్డకు బొంత కుడుతున్ననని. పాత చీర మడతల లోపల మెత్తగ ఆ పోగులు పరిచి కుడుతున్నది. మా కులంల పుట్టని బిడ్డకు ఏదీ కుట్టొద్దు, ఉయ్యాల కొనొద్దు, పేరు అనుకోవద్దు. కుడితే బిడ్డ దక్కదంటరు. బావ తల్లి ఊరినుంచి మరీ కబురుపెట్టింది, సూది ముట్టవద్దని. అక్కకు ఆ భయం లేక కాదు. "పుట్టినంక కుట్టేటందుకు నాకు ఎవలున్నరు ఈడ? అమ్మ లేకపాయె. చలికాలంల పుడతది. ఉత్త చాప మీద ఏసుకుంటనా" అన్నది. అందుకని బావ పనికి పోయినంక తలుపు దగ్గరికి ఏసుకొని కుట్టేది, కుట్టి పెట్టెల పెండ్లి చీర కింద దాచేది.

ఇగ అంతే. జరిగిందంతా ఇంతే. ఒక తల్లి బిడ్డకు బొంత కుట్టింది. పగటిపూట తలుపు వేసి ఉండుడు, కొప్పుల ఎర్ర నూగు. మా బావ ఈ రెండింటిని ముడేసిండు.

ఆయన అక్కను అడగలే. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. "కొప్పుల ఇదేంది" అని ఒక్క మాట అడిగితే ఆమె పెట్టె తీసి చూపెట్టును, నాలుగు తిట్లు తిని ఊకుండును. ఆయన అడగలే, ఆమె పండుకున్నప్పుడు నెత్తిల ఏరిండు. ఏరి, పూజకు తెచ్చే బుక్కగుండ పొట్లం లెక్క కాగితంల చుట్టి, జేబుల పెట్టుకొని తిరిగిండు.

వారంల ఒకరోజు కరెంటు బంద్ ఉండేది, ఆనాడు సాంచాలు ఆగేటివి. ఆ రోజు పగటియాల్ల కులసంఘం హాలుకు రమ్మని మమ్ములను పిలిచిండ్రు. హాలంటే రేకుల షెడ్డు, గోడకు మా కులదేవుని పటం. అక్క ఏదో చందా మాట అనుకొని వచ్చింది, చేతికి పిండి కూడ సరిగ కడుక్కోలే.

బావ పొట్లం విప్పి పెద్దమనిషి ముందల పెట్టిండు.

"ఇది నా పెండ్లాం కొప్పుల దొరికింది. మాది తెల్లనూలు కార్ఖాన. నేనేం చెప్ప. మీరందరు పనోళ్లే, మీరే చూసి చెప్పుండ్రి."

ఆయనకు మాట్లాడే అవసరం పడలే. వాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆ నూగును వేలికొసతోని ముట్టి చూసిండ్రు. ఒకడు వెలుతురుకు పట్టి చూసిండు. తలకాయలూపిండ్రు. ఎవుసం చేసేటోళ్ల ముందల పెడితే ఇదేం పిచ్చిరా అని ఊదిపారేద్దురు. కోర్టుల పెడితే జడ్జి నవ్వును. మా నేతోళ్లు నవ్వలే. రంగు నూగు అంటే రంగు కార్ఖానోడు. ఆ లెక్క వాళ్లకు అంత సాఫ్‌గ తెలుసు.

నేను లేచిన. "అది మా కార్ఖాన నూగు. నేనే తెచ్చిచ్చిన."

"కూసో. తోడవుట్టినోనివి, నువ్వు గట్ల గాక ఎట్లంటవు" అన్నడు పెద్దమనిషి.

అక్క ఇంటికి ఉరికి పోయి బొంత తెచ్చింది. ఆ కడుపుతోని. తెచ్చి వాళ్ల ముందల పరిచింది. ఇంకా ఒక అంచు కుట్టలే, ఎర్ర పోగులు బయటికి కనవడుతున్నయి. నేను అనుకున్న, ఇగ అయిపోయింది, వీళ్లు సిగ్గుపడుతరని. వాకిట్ల నిలవడ్డ ముసలామె ఒకామె నోటి మీద చెయ్యేసుకున్నది. "ఓ యవ్వా, పుట్టకముందే బొంత కుట్టిందే ఈమె" అన్నది. అక్కడినుంచి మాట అటు మళ్లింది. కుట్టినందుకే ముందువి దక్కలేదేమో, ఇట్లాంటిదానికి ఇల్లెట్ల నిలుస్తది అని. రంకు రుజువైనా తప్పు ఆమెదే, కాకున్నా తప్పు ఆమెదే అయ్యేటట్టు అందరు కలిసి బాట వేసిండ్రు.

ఆఖరుకు పెద్దమనిషి కర్పూరం అన్నడు. దేవుని ముందల అరచేతిల కర్పూరం వెలిగించుకొని, నా తప్పు లేదని చెప్పాలె, అది ఆరిందాక చెయ్యి దించొద్దు. అక్క కుడిచెయ్యి చాపింది.

"ఎడమచెయ్యి చాలు బిడ్డా" అన్నడు ఆయన.

"ఈయనకు వండి పెట్టింది కుడిచేత్తోనే గద. దాన్నే కాలనియ్యుండ్రి."

కర్పూరం కాలింది. ఆ వాసన చెప్పను. చెయ్యి దించలే, నా తప్పు లేదన్నది. ఆరినంక పెద్దమనిషి బావ దిక్కు చూసి, "ఇగ అయిపాయె, తీస్కపో" అన్నడు. ఆయన మనసుల ఆయన న్యాయమే చేసిండు.

బావ లేచి వచ్చి ఆమె చెయ్యి తిప్పి చూసిండు. సాంచా చెడిపోతే మిస్త్రీ చూస్తడే, అట్ల. చూసి, "కండెలు చుట్టి చుట్టి కాయలు కాసిన చెయ్యి. గిది యాడ కాలుతది" అని విడిచిపెట్టి పోయిండు.

ఆ సాయంత్రం ఆ చెయ్యి బొబ్బలెక్కి పుచ్చకాయ లెక్క అయింది. నా రూముల కూసొని ఎడమచేత్తో పిండి కలుపుకున్నది. నన్ను కలపనియ్యలే. నీళ్లు ఎక్కువయితవంట.

నువ్వు ఆ పోగులు తేకుంటే ఇంతదాక రాకపోవు గద అని నన్ను చాన మంది అన్నరు. నేను ఒప్పుకోను. అక్క అడిగింది, తమ్ముడు తెచ్చిండు. దాంట్ల తప్పు వెతికేటోడు బావ పక్కన కూసున్నట్టే లెక్క.

బిడ్డ పుట్టింది. బొంత కుట్టినందుకు ఏం కాలే, నిండు నూరేండ్ల లెక్క పుట్టింది. ఆడపిల్ల. ముక్కు బావదే అని గల్లీల అందరు గుసగుసలాడిండ్రు, ఒకరిద్దరు నా కాడికొచ్చి, ఇప్పుడు పిలిచి చూపియ్యరాదు అన్నరు. నేను చూపియ్యలే. మా అక్క మానం ఒక పసిపిల్ల ముక్కు మీద ఎందుకు ఆధారపడాలె? ఆ పిల్ల ముక్కు మాదై ఉంటే అప్పుడు అక్క తప్పు చేసినట్టా?

నేను చదువు నేర్చుకున్నది అప్పుడే. లింబాయత్‌ల పాత కాయితాలు కొనే ఒక రద్దీ దుకాణం ఉండేది, ఊళ్లకు తిరిగిపోయే తెలుగోళ్లు పుస్తకాలు కిలోల లెక్క అమ్మిపోయేటోళ్లు. దుకాణమాయనకు తెలుగు రాదు, నాకు సరిగ రాదు. కూడబలుక్కుని, వేలు పెట్టుకొని చదువుడు మొదలువెట్టిన. నాకు కావాల్సింది ఒక్కటే. లోకంల ఎవలన్నా ముందుగాల గిట్లనే నింద మోసి ఉంటరు, వాళ్ల కథలు పెద్దోళ్లు రాసే ఉంటరు. ఆ కథల్ల నింద వేసిన మొగనికి ఏమైంది?

దొరికినయి. అయ్యో, ఎన్ని దొరికినయో. మనయి, బయట దేశాలయి, తెలుగుల రాసినయి. ఒకదాంట్ల ఉంగరం పోతది, ఒకదాంట్ల రుమాలు దొరుకుతది, ఒకదాంట్ల ఏ వస్తువూ ఉండదు, ఊరే మాట్లాడుతది. ఒక్క మొగడు కూడ పెండ్లాన్ని కూసోబెట్టి సక్కగ అడగడు. మా బావ పుస్తకాలు చదివినోడు కాదు, కాని వాళ్లందరి దగ్గర నేర్చుకున్నట్టే చేసిండు.

ఆ కథల్ల చెవిల ఊదేటోడు ఒకడు ఉంటడు. చదివేటోళ్లు పాపమంతా వాని మీదికి తోస్తరు, పాపం మొగడు అమాయకుడు, నమ్మి చెడిపోయిండు అంటరు. నేను అది చదివి పుస్తకం గోడకేసి కొట్టిన. మా బావ చెవిల ఎవలు ఊదలే. ఆయనకు ఆయనే ఊదుకున్నడు. లోపల పొయ్యి ఉంటేనే గద ఊదితే మండేది.

ఇంకా కోపం ఎక్కడ వచ్చేదంటే ఆఖర్ల. ఆమె చచ్చిపోతది, లేకుంటే మంటల దిగుతది, లేకుంటే అడివికి పోతది. అప్పుడు వానికి నిజం తెలుస్తది. తెలిసి ఏడుస్తడు. ఎంత మంచిగ ఏడుస్తడంటే, రాసినోడు పేజీలకు పేజీలు వానికే ఇస్తడు. చచ్చింది ఆమె, పద్యాలు వానికి. వాడేడిస్తే మనం కూడ ఏడవాల్నంట. నేను ఏడవలే. కాలిన చేత్తో మర్నాడు ఆమె ఎట్ల వండుకున్నదో ఒక్కడు రాయలే. అంత పెద్ద కవులు, ఒక్కనికి ఆకలి గుర్తురాలే.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలె. ఆ కథల్ల నిప్పు మాటను మొగడు ఇంటడు. మంట ముట్టలేదంటే ఆమె మంచిదే అని కిందవడి లేస్తడు. మా బావ కథల మొగోళ్ల కంటే తక్కువోడు. నిప్పు చెప్పినా ఇనలే.

ఆయన పెరిగిండు. మల్ల పెండ్లి చేసుకున్నడు, కొడుకులు పుట్టిండ్రు, సూరత్ అవతల కిమ్ దిక్కు సొంతంగ సాంచాలు పెట్టిండు. కులసంఘం హాలుకు రేకులు తీసి స్లాబు వేయించిండు. ముందు వరుసల కుర్చీ ఆయనది. అక్క కండెలు చుట్టి, తర్వాత చీరెలకు పోగులు కత్తిరించి, బిడ్డను పెంచి పెండ్లి చేసింది. ఇన్నేండ్లల్ల ఆమె ఆయన పేరెత్తలే. కాని ఆ హాలు ముందల నుంచి పోయే బాట మాత్రం విడిచిపెట్టింది, కూరగాయలకు చుట్టు తిరిగి పోయేది. అది నేను చూసిన.

ఇప్పుడు ఆమెకు దమ్ము ఆడుతలేదు. పోయినేడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి మాట్లాడిండు. ఆ ముచ్చట ఆమెకు చెప్పలే, చెప్పకుంటనే తెలిసిపోయింది. ఒకనాడు అరుగు మీద కూసొని తనకు తనే అన్నట్టు అన్నది.

"అందరి ముందల అన్నడు. అందరి ముందల కాదని అంటే ఇని పోదును."

ఆ నూలు పోగుల తర్వాత ఆమె నన్ను అడిగింది ఇదొక్కటే, జన్మల.

మా కులపోళ్లకు పటం కథ చెప్పేటోళ్లు వేరే ఉంటరు. వాళ్లు తాతల నాటి నుంచి మమ్ములను అడుక్కొని బతికేటోళ్లు. ఏడాదికోసారి ఊరినుంచి సూరత్‌కు కూడ వస్తరు. పొడుగాటి బట్ట మీద గడులు గడులుగ బొమ్మలు. ఒక్కొక్క గడి తిప్పుకుంట పాడుతరు. కథ పెట్టించినోడు ముందల కూసోవాలె. గడి తిప్పే ముందు కథ చెప్పేటాయన ఆయనను ఏదో ఒకటి అడుగుతడు, ఆయన జవాబిస్తేనే బట్ట తిరుగుతది. సగంల ఆగిన కథ పెట్టించిన ఇంటికి మంచిది కాదని మావోళ్ల పట్టింపు.

ఆ పటమాయన వచ్చినప్పుడల్ల దిగేది నా ఇంట్లనే. మొన్న వచ్చినప్పుడు అడిగిన.

"ఈసారి ఎవలు పెట్టించిండ్రు?"

మా బావ సంగతే చెప్పిండు. "పతివ్రత కథ చెప్పుమన్నడు పెద్దయ్యా. మంటలకెల్లి వస్తది గద, గది."

నాకు నవ్వొచ్చింది. ఆగలే.

"నవ్వుతవేంది?"

అంతా చెప్పిన. అక్క పక్కనే కూసొని మెంతికూర తెంపుతున్నది. పటమాయన చాన సేపు గడ్డం గోక్కున్నడు.

"బొమ్మ మార్చరాదు. అది మా తాత గీయించింది. మాట మాత్రం మాదే, ఏ ఊరికి ఆ మాట కడుతం."

"మాట నేనిస్త. రాగం నువ్వు కట్టు."

"ఆయన మల్ల జన్మల నన్ను పిలువడు."

"పిలువకుంటే నా ఇంటి ముందల చెప్పు. నేను ఇంట."

నా మేనకోడలు వచ్చి నన్ను తిట్టింది. ఆ పిల్ల ఈడ పుట్టి పెరిగింది, కోపమొస్తే అన్ని భాషలు ఒక్కసారే వస్తయి. "మామా, ఛోడో నా. బుడ్డా అయిండు, గుండె ఆపరేషన్ అయిందంట. మనే శూ మళశె, నాకేం దొరుకుతది?"

"నీకేం దొరకదు బిడ్డా. మీ అమ్మకు దొరుకుతది."

ఆమె తల్లి దిక్కు చూసింది. అక్క మెంతికూర కాడలు ఒక దిక్కు, ఆకులు ఒక దిక్కు సర్దుకుంట అన్నది. "కథ ఇనేటందుకైతే రాను. నాకు తెలిసిన కథనే. ఆయన నోటితోని అంటడంటేనే వస్త."

కరెంటు బంద్ రోజు, పగటి అన్నాల తర్వాత పోయినం. హాల్ల జెనరేటర్ మీద ఫ్యాన్లు తిరుగుతున్నయి. బావ శాలువ కప్పుకొని ముందు కుర్చీల కూసున్నడు. నేను అక్కను చెయ్యి పట్టుకొని తీసుకపోయి పటం కిందనే, ఆయనకు ఎదురుంగ చాప మీద కూసోబెట్టిన. ఆయన మొఖం చూసి పాతోళ్లు మాటలు ఆపిండ్రు.

"ఏం బామ్మర్ది, బాగేనా?" అన్నడు.

"కథకొచ్చినం బావ. కులపోళ్లందరిని పిలిచినవంట గద."

పటమాయన మొదలువెట్టిండు. మంచి గొంతు. పెండ్లి గడి, కాపురం గడి. పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నరు. మొగడు అనుమానపడే గడి వచ్చింది. బొమ్మల వాడు మీసం మీద చెయ్యేసి నిలవడుతడు. అక్కడ నేనిచ్చిన మాట ఎత్తుకున్నడు. ఆ తల్లి కొప్పుల ఎర్రని నూగు, ఎవలదీ నూగని అడుగడే మొగడు, ఏరి ఏరి కాగితాన ముడిచె మొగడు, అని. వంత పాడేటోడు అందుకున్నడు. నా వెనుక ఒక ముసలాయన తంబాకు నములుడు ఆపిండు.

"గిది గా కథ గాదు" అన్నది ఒకామె.

"గదే కథ, ఇను" అన్నది పక్కామె.

తర్వాత మంట గడి. తల్లి మంటల నిలవడి ఉంటది, చేతులు జోడించి. పాట ఆపి, పటమాయన కట్టె కొసతోని ఆ బొమ్మను ముట్టి బావ దిక్కు తిరిగిండు.

"కథ పెట్టించిన అయ్యా. తల్లి మంటలకెల్లి వచ్చింది. ఆమె మీద వడ్డ నింద నిజమా, అబద్ధమా?"

"కానియ్యి, కానియ్యి" అన్నడు బావ.

"కానియ్యంటే తిరుగదయ్యా. నిజమా, అబద్ధమా."

బావ కొడుకు లేచిండు. "అరె చాచా, ఆగే బఢావో. టైం అయితాంది."

"పెట్టించినాయననే చెప్పాలె బాబూ. నువ్వు పెట్టించినప్పుడు నిన్ను అడుగుత."

జనం నవ్విండ్రు. బావ నవ్వలే. "కథల అబద్ధమే" అన్నడు.

"కథ సంగతి నాకెరుకే, చెప్తున్నదే నేను. నిన్నడుగుతున్న."

ఆయన కుర్చీల నుంచి లేచిండు. శాలువ సర్దుకున్నడు. పోయేటోడే. నేను అడ్డం పడుదామని లేవబోయిన, అవసరం పడలే. ఆడోళ్ల దిక్కు నుంచి ఆయన రెండో పెండ్లాం గొంతు వచ్చింది.

"కూసోండ్రి. సగం కథ విడిచి లేస్తరా? మనుమడున్న ఇల్లు. ఏం అడుగుతున్నడో చెప్పి కూసోండ్రి."

పాపం, ఆమెకు ఏం తెల్వదు. లేకుంటే తెలిసే అన్నదో. ఆ పట్టింపంటే మాత్రం ఆమెకు నిజంగ భయం. బొంత కుట్టొద్దన్న పట్టింపే మా అక్క మెడకు చుట్టుకున్నది, ఈ పట్టింపు ఇప్పుడు ఆయన మెడకు. నాకు పట్టింపుల మీద నమ్మకం లేదు, ఆనాడు మాత్రం వాటికి దండం పెట్టిన.

ఆయన కూసున్నడు. నేల చూసిండు. పెదవులు కదిలినయి.

"ఇనవడలే" అన్నరు వెనుక నుంచి.

అక్కడున్న మొగోళ్లందరు సాంచాల సప్పుడుల చెవులు పోగొట్టుకున్నోళ్లే. ఇంట్ల టీవీ పెడితే గల్లీకంతా ఇనవడుతది. వాళ్లు ఎగతాళికి అనలే, నిజంగనే ఇనవడలే. "జర జోరుగ చెప్పు సేఠూ" అని ఒకడు చెయ్యి చెవికి పెట్టుకున్నడు.

"అబద్ధం" అన్నడు బావ, ఈసారి గట్టిగనే. ఫ్యాన్ల సప్పుడు మీదినుంచి ఇనవడ్డది.

ఆనాడు కర్పూరం పెట్టించిన పెద్దమనిషి ఇంకా ఉన్నడు, గోడకు ఒరిగి కూసున్నడు, సగం తెలివిల లేడు. "ఏమంటున్నడు?" అని పక్కోన్ని అడుగుతున్నడు. పక్కోడు ఆయన చెవిల అరిచి చెప్పిండు. హాలంతా అప్పుడు మల్లొకసారి ఇన్నది.

పటమాయన బట్ట తిప్పబోయిండు. అక్క చెయ్యి ఎత్తి ఆపింది. తల ఒక దిక్కు ఒంచి, అరచెయ్యి చెవి వెనుక పెట్టుకున్నది. ఆమె సాంచాల మీద పనిచేసిన మనిషి కాదు. రెండిండ్ల అవతల కుక్కర్ సీటీ కొడితే ఎవలింట్ల పప్పో చెప్తది. ఆ చెవులకు ఏం కాలే, నాకెరుకే.

"ఏమన్నడు?" అన్నది.

బావ ఆమె దిక్కు చూడక తప్పలే. ఇన్నేండ్ల తర్వాత మొదటిసారి సూటిగ చూసిండు.

"అబద్ధం" అన్నడు. "నేనన్నది అబద్ధం."

అక్క చెవి కాడికెల్లి చెయ్యి తీసింది. మోకాలు పట్టుకొని నెమ్మదిగ లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకొని, చెప్పుల దిక్కు నడిచింది. మేనకోడలు వెంట పోయింది. ఆడోళ్లల్ల కొందరు లేచి పోయిండ్రు, కొందరు భోజనాలున్నయని కూసున్నరు.

ఆఖరి గడి ఒకటి మిగిలింది. దాంట్ల మొగడు కన్నీళ్లు పెట్టుకుంటడు, ఆ తల్లి ఒంగి వాని కాళ్లకు మొక్కుతది, పైనుంచి పూలు పడుతయి. పటమాయన దాన్ని తిప్పిండు, పాట ఎత్తుకున్నడు, చాన మంచి పాట. చాప మీద అక్క కూసున్న జాగ ఖాళీగుంది. ఆ ఖాళీ జాగ మీదినుంచి ఆ పూలవాన బొమ్మను బావ చూడాల్సి వచ్చింది, కథ పెట్టించినోడు లేవరాదు గద. నేను లేవలే. పటం వైపు కాదు, ఆయన వైపు తిరిగి కూసొని, పాట అయిపోయేదాక చూసిన. కడుపునిండ చూసిన.